ముసుగు మనిషి అంగీ రంగు

పక్క క్వార్టర్ పిన్ని తమ్ముడు బొంబాయి నుంచి వచ్చాడని తెలిసిన సాయంత్రమే, పెరట్లో తోమి బోర్లించిన ఇత్తడి బిందెల్ని మా అమ్మ లోపలికి తెచ్చేసింది. అంతకుముందు అవి తెల్లవార్లూ అక్కడే ఉండేవి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా వరసంతా తెలుగువాళ్ళే. ఎవరి బిందె మీద ఎవరి పేరు చెక్కి ఉందో అందరికీ తెలుసు. ఎవరూ ఎవరివీ ముట్టుకునేవారు కాదు.

పిన్ని మాకు రక్తసంబంధం కాదు. మా అమ్మదీ ఆవిడదీ విజయనగరం పక్క ఊళ్ళు కావడంతో ఇద్దరూ అక్కాచెల్లెళ్ళని పిలుచుకునేవారు. ఆవిడ భర్త గూడ్స్ గార్డు, ఇంట్లో ఉండేది తక్కువ. మా నాన్న వ్యాగన్లు బాగుచేసే షెడ్డులో ఫిట్టరు. నాకప్పుడు పన్నెండేళ్ళు, మా తమ్ముడికి ఎనిమిది. తొంభైల మొదటి సంవత్సరాలు అవి.

పిన్ని తమ్ముడు గనక మాకు మావయ్య. ముప్ఫై ఏళ్ళుండవచ్చు. సన్నగా, కొద్దిగా వంగిన మెడతో, ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు ముందు వాళ్ళ బట్టల వైపు చూసి, తర్వాత ముఖం వైపు చూసేవాడు. వస్తున్నానని ఉత్తరం రాయలేదు. ఒకే ఒక్క రేకుపెట్టెతో దిగాడు. మా కాలనీ కుర్రాళ్ళు ఎప్పుడైనా పనికోసం బొంబాయి వెళ్ళేవారే గాని, బొంబాయి వదిలి బిలాస్‌పూర్ వచ్చిన మనిషిని అంతకుముందు ఎవరూ చూడలేదు. అదే అందరికీ మొదటి అనుమానం.

రెండో అనుమానం మూడో రోజు వచ్చింది. పిన్ని పెరట్లో తాడు మీద ఒక జత తెల్లటి నూలు గ్లవుజులు ఆరేసి ఉన్నాయి. కుడిచేతి గ్లవుజుకి బొటనవేలూ, దాని పక్క రెండు వేళ్ళూ చివర్ల దగ్గర కత్తిరించి ఉన్నాయి. గోడ మీంచి చూసి వచ్చి ఇంట్లో చెప్పాను.

"బొంబాయిలో ఏటి చేసేవాడట?" అన్నాడు నాన్న.

"బొమ్మలకి రంగులేసేవాడట. చెల్లాయి అలాగే చెప్పింది," అంది అమ్మ.

"బొమ్మలకి రంగులేసినోడికి గ్లవుజులెందుకే? వేలిముద్రలు పడకుండా గ్లవుజులు తొడుక్కునేది ఎవరో తెల్సా?"

అమ్మ లేచి వెళ్ళి వీధి తలుపు గడియ సరిగ్గా పడుతోందో లేదో చూసి వచ్చింది. నాన్న అసలే అనుమానం మనిషి. షెడ్డులో తాను బిగించిన బోల్టుని కూడా మర్నాడు మళ్ళీ తిప్పి చూస్తాడని ఆయన తోటివాళ్ళు నవ్వేవారు. నేను పూర్తిగా ఆయన పోలిక.

అప్పట్లో ఆదివారం పొద్దున టీవీలో ఒక కార్టూన్ సీరియల్ వచ్చేది. ఎక్కడో విదేశంలో తీసినదానికి హిందీ మాటలు తగిలించి వేసేవారు. మా ఇంట్లో ఉన్నది తలుపుల పెట్టె లాంటి బ్లాక్ అండ్ వైట్ టీవీ. ఆ వేళకి వరసలో పిల్లలు నలుగురైదుగురు మా గదిలోకి చేరేవారు.

కథ ఇదీ. ఒక అక్క, ఇద్దరు తమ్ముళ్ళు. వరదలో వాళ్ళ పడవ కొట్టుకుపోయి, పొగమంచు దాటి, మరో లోకంలో ఒడ్డుకి తగులుతుంది. అక్కడి నదులు కొండల మీదికి ఎక్కుతాయి. రాళ్ళు గుంపులుగా వలస పోతాయి. ఇంటికి వెళ్ళే ద్వారాలు ఆ లోకంలో చాలా ఉన్నాయి. కాని దాటాలంటే ప్రతి ద్వారం దగ్గరా ఒక జ్ఞాపకం వదిలిపెట్టాలి. అమ్మ గొంతు మర్చిపోతే ఒక ద్వారం తెరుచుకుంటుంది, ఇంటి దారి మర్చిపోతే ఇంకొకటి. మర్చిపోయాక వెళ్ళి ఏం లాభం? అందుకని ప్రతివారం ద్వారం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసేవారు. వాళ్ళకి దారి చూపించేది ముఖానికి ముసుగు, చేతిలో లాంతరు, కాళ్ళదాకా అంగీ ఉన్న ఒక మనిషి. అతను మంచివాడో చెడ్డవాడో సీరియల్లో ఎప్పుడూ చెప్పేవారు కాదు. కావాలనే దారి తప్పిస్తున్నాడేమో అనిపించే సంగతి ఏదో ఒకటి ప్రతివారం జరిగేది. మా తమ్ముడు అతన్ని నమ్మేవాడు. నేను ఒక్కరోజు కూడా నమ్మలేదు.

మావయ్య వచ్చిన రెండో ఆదివారం పిన్ని అతన్ని మా ఇంటికి పంపింది, కాస్త మనుషుల్లో పడతాడని కాబోలు. గుమ్మం దగ్గర గోడకి చేరగిలబడి కూచున్నాడు. సీరియల్లో పిల్లలు సొరంగంలోకి దిగుతున్నారు. ముసుగు మనిషి ముందు నడుస్తున్నాడు.

"ఇప్పుడు లాంతరు ఆరిపోద్ది," అన్నాడు మావయ్య, ఎవరితోనూ కాదన్నట్టు.

ఒక్క క్షణం తర్వాత లాంతరు ఆరిపోయింది.

పిల్లలంతా అతని వైపు తిరిగారు. అతను సిగ్గుపడ్డట్టు తలదించుకున్నాడు. కాసేపటికి, "ఇంక అంగీ అంచు చిరుగుద్ది," అన్నాడు. అదీ జరిగింది.

"మావయ్యా, నీకెలా తెల్సు? ముందే చూసీసేవేటి?" అన్నాడు తమ్ముడు.

"చూళ్ళేదు బాబూ. ఆ అంగీకి రంగేసింది నేనే."

పిల్లలు నవ్వారు. ఒకడు "ఝూఠ్! అబద్ధం!" అని అరిచాడు. అతను మాత్రం నవ్వలేదు. బొంబాయిలో ఒక కంపెనీ ఉండేదనీ, గీతలు గీసిన అద్దంలాంటి కాయితాలు విదేశం నుంచి పెట్టెల్లో వచ్చేవనీ, వాటి వెనకవైపు వీళ్ళు రంగులు నింపి తిరిగి పంపేవారనీ చెప్పాడు. వేలి మరక పడితే కాయితం పాడైపోతుందట. అందుకే గ్లవుజులు, కుంచె పట్టు దొరకడానికి వేళ్ళ చివర్ల కత్తిరింపు.

"ఆ కాయితం ఒకటి చూపించు మరి," అన్నాన్నేను.

"ఉంటే చూపించీసేవాణ్ణి. అక్కడ ఫొటో తీసేక వాటిని కడిగీసి మళ్ళీ వాడీసేవారు. మా దగ్గర ఏటీ మిగల్నిచ్చేవారు కాదు."

సాక్ష్యం కడిగేశారన్నమాట. ఎంత అనుకూలమైన అబద్ధం! పన్నెండేళ్ళ వయసులో నేను అచ్చంగా ఇలాగే అనుకున్నాను.

తర్వాత వారాల్లో అతన్ని కనిపెట్టి చూడడం మొదలుపెట్టాను. ఒక సంగతి పట్టుకున్నాను. అతను ముందుగా చెప్పగలిగేది ముసుగు మనిషి గురించి మాత్రమే. అక్క ఏం చేస్తుందో, తమ్ముళ్ళు ఎటు పారిపోతారో అడిగితే తెలియదనేవాడు. సీరియల్ తీసిన మనిషికి సగం కథ తెలిసి సగం తెలియకపోవడం ఏమిటి? ఎవరింట్లోనో వీడియో క్యాసెట్టులో ఒకటి రెండు భాగాలు చూసి ఉంటాడు. అక్కడ విన్న నాలుగు ముక్కలు మా దగ్గర వల్లిస్తున్నాడు. ఇదే మాట అమ్మతో చెబితే, "నీకెందుకే ఆ ఆరాలు?" అంది గాని, రాత్రి నాన్నతో అదే మాట తన మాటగా చెప్పడం విన్నాను.

ఇంతలో వానలు తగ్గాయి. మా తెలుగువాళ్ళ సంఘం నడిపే బడిలో డ్రాయింగు మాస్టారు ఊరు మారిపోయాడు. ఆ ఖాళీలో తన తమ్ముణ్ణి వేయించమని పిన్ని వచ్చి నాన్నని అడిగింది. నాన్న బడి కమిటీలో ఒకడు.

"సర్టిఫికెట్టు ఏదైనా ఉందేటమ్మా?" అన్నాడు నాన్న.

"కంపెనీ మూసీసేరు బావగారూ. కాయితాలు ఇవ్వకుండానే అందర్నీ పంపీసేరట. పిల్లలకి బొమ్మలు నేర్పడానికి అంత కాయితాలెందుకు, మీరే ఒకసారి గీయించి చూడండి."

"చూద్దాం," అన్నాడు నాన్న. ఆ 'చూద్దాం' అంటే అర్థం ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు.

అప్పుడే నాకు ఆ ఆలోచన వచ్చింది. మా టీవీలో రంగులు కనబడవు. రైల్వేవాళ్ళ క్లబ్బు, ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఉన్నది రంగుల టీవీ. ఇతను నిజంగా రంగులు వేసినవాడైతే అంగీ రంగేమిటో చెప్పాలి. మర్నాడు పిన్ని వరండాలో కూచుని ఉన్న మావయ్యని అడిగాను.

"ముసుగు మనిషి అంగీ ఏ రంగు మావయ్యా?"

ఆలోచించకుండానే చెప్పాడు. "ముదిరిన వేపాకు రంగు. పగటికొకటి, లాంతరు ఆరిపోయినప్పుడు ఇంకా ముదురుది ఒకటి. సీసాల మీద నంబర్లుండేవి."

"పక్కానా?"

"నా గోళ్ళలోంచి ఏడాది దాకా పోలేదు కోడలు పిల్లా ఆ రంగు," అని నవ్వాడు.

ఆ ఆదివారం తమ్ముణ్ణి తీసుకుని ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళాను. ఇంట్లో టీవీ లేని పిల్లలు చాపల మీద కూచుని ఉన్నారు. గోడ మీద ఎత్తుగా బల్ల కట్టి టీవీ పెట్టారు. సీరియల్ మొదలవగానే నేను నోరు తెరిచేశాను. ఆకాశం వంకాయ రంగులో ఉంది. మబ్బులు గులాబీరంగు. పిల్లల ముఖాలు కుంకుమ పూసినట్టు ఎర్రగా ఉన్నాయి. వేరే లోకం అంటే ఇలా ఉంటుందా అనుకున్నాను. ఇన్నాళ్ళూ బూడిదరంగులో చూస్తూ ఎంత పోగొట్టుకున్నానో అనిపించింది.

తర్వాత ముసుగు మనిషి వచ్చాడు. అంగీ ముదురు గోధుమరంగులో ఉంది. వేపాకు జాడే లేదు. తడిసిన ఇటుక లాగా, కాల్చిన బెల్లం లాగా ఉంది. చివరిదాకా కళ్ళార్పకుండా చూశాను, ఎక్కడైనా మారుతుందేమోనని. మారలేదు.

"అక్కా, చెప్పకే," అన్నాడు తమ్ముడు దారిలో. వాడికి ఏడుపు వస్తోంది. "ఎవరితోనూ చెప్పకే."

నేను చెప్పాను. ఎవరో ఒకరికి కాదు, కుళాయి దగ్గర నీళ్ళకోసం నిలబడిన ఆడవాళ్ళందరి ముందూ చెప్పాను. పిన్ని కూడా అక్కడే ఉంది. ఆవిడ బిందె సగం నిండింది. మిగతా సగం నిండేదాకా ఆగకుండా ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఎవరూ నన్ను కసరలేదు. ఒకావిడ, "చిన్నపిల్ల అయినా గట్టిదే," అంది. ఆ మెచ్చుకోలు నాకు రెండు రోజులు తియ్యగా ఉంది.

కమిటీ కూచున్నప్పుడు నాన్న పెద్దగా ఏమీ అనలేదట. "ఆ కుర్రాడు చెప్పేది ఒకటి, ఉన్నది ఇంకొకటి. పిల్లల మధ్యకి తెచ్చే ముందు ఆలోచించండి," అన్నాడట. అంతే చాలింది. ఆ పని వేరే ఒకాయనకి ఇచ్చారు.

మావయ్య కూడా నన్ను ఒక్క మాట అనలేదు. మా ఇంటికి రావడం మానేశాడు. పొద్దున్నే లోకల్ రైలెక్కి పక్క ఊరు బిల్హా వెళ్ళి, అక్కడి రైస్ మిల్లులకీ దుకాణాలకీ హిందీలో బోర్డులు రాయడం మొదలుపెట్టాడు. సాయంత్రం దిగేటప్పుడు చొక్కా చేతుల మీద ఎర్ర, పసుపు మరకలుండేవి. కొన్నాళ్ళకి అమ్మ బిందెల్ని మళ్ళీ పెరట్లోనే ఉంచడం మొదలుపెట్టింది. అతను దొంగ కాదని తేలినట్టా, లేక అబద్ధాలకోరు అని తేలాక ఇంక భయం అక్కర్లేదన్నట్టా, నాకు ఇప్పటికీ తెలియదు.

చలికాలం మొదట్లో ఒక ఆదివారం సీరియల్ రాలేదు. దాని వేళకి వేరే ఏదో కార్యక్రమం వేశారు. తర్వాతి వారం కూడా అంతే. అక్కా తమ్ముళ్ళు ఒక మంచుకొండ మీద, మూసిన ద్వారం ముందు నిలబడి ఉండగా ఆగిపోయింది. ముసుగు మనిషి తాళంచెవి చేతిలో పట్టుకుని ఉన్నాడు. తెరుస్తాడో విసిరేస్తాడో చెప్పకుండానే ఆగిపోయింది. పిల్లలం టీవీ వాళ్ళు మోసం చేశారని అనుకున్నాం. మిగతా భాగాల డబ్బా ఎక్కడో పోయిందని ఒకడు, బొంబాయి పిల్లలకి మాత్రమే చూపించారని ఒకడు అనేవారు.

తర్వాత చాలా ఏళ్ళకి, ఉద్యోగంలో చేరాక, ఆఫీసు కంప్యూటర్లో ఖాళీ దొరికినప్పుడు ఆ సీరియల్ గురించి వెతికాను. బొమ్మలు అమ్ముకునే కంపెనీ ఒకటి తన సరుకు కోసం రాయించిన కథ అది. కథ ఒక దేశంలో రాశారు, గీతలు ఇంకో దేశంలో గీశారు, రంగుల పని ఎక్కడ చవకైతే అక్కడికి పంపారు. బొమ్మలు అనుకున్నంత అమ్ముడుపోలేదు. చివరి భాగాలు కాగితం మీద ఉండగానే పని ఆపేశారు. ముసుగు మనిషి ఎవరన్నది రచయితల్లోనే ఒకరొకటి, ఇంకొకరు ఇంకొకటి చెప్పారు. అంటే మాకొక్కళ్ళకే కాదు, ప్రపంచంలో ఎవరికీ ఆ సీరియల్‌కి ముగింపు లేదు. సీరియల్ చూడ్డానికి దొరకలేదు గాని, చివర్లో వచ్చే పేర్ల పట్టీని ఎవరో టైపు చేసి పెడితే మళ్ళీ మళ్ళీ చదివాను. రంగులు వేసినవాళ్ళ పేర్లు అందులో లేవు. బొంబాయి మాట కూడా లేదు. లేదు గనక పని అక్కడ జరగలేదని అనలేం, జరిగిందనీ అనలేం.

మళ్ళీ ఆ చలికాలానికి వస్తాను. సీరియల్ ఆగిపోయిన కొన్ని వారాలకి క్రికెట్ మ్యాచ్ ఉంటే నాన్న షెడ్డు నుంచి తిన్నగా ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళాడు. చిరాగ్గా తిరిగొచ్చాడు.

"ఏటయ్యింది, ఓడిపోయేరా?" అంది అమ్మ.

"ఆట ఎవడు చూసేడు? ఆ టీవీ ఒక టీవీయేనా! గడ్డి అంతా ఇటుకరంగు. ఆటగాళ్ళ తెల్లబట్టలు గులాబీరంగు. అడిగితే, పచ్చరంగు పట్టే భాగం ఏదో పాడైపోయిందట, వానాకాలంలో పిడుగు పడ్డప్పట్నుంచీ ఇంతేనట. చందాలు మాత్రం అచ్ఛాగా వసూలు చేస్తారు."

నేను అన్నం తింటున్నాను. గడ్డి ఇటుకరంగు అన్న మాట దగ్గర వేపాకు గుర్తొచ్చింది. తమ్ముడు నా వైపు చూశాడు. వాడికి కూడా అర్థమైంది. అలాగే చూస్తూ ఉన్నాడు.

వంకాయ రంగు ఆకాశం, గులాబీ మబ్బులు నాకు తప్పుగా అనిపించకపోవడానికి కారణం ఒకటే. అది వేరే లోకం. అక్కడ ఆకాశం ఎలా ఉండాలో నాకెవరు చెప్పారు? గడ్డి ఉన్న మామూలు మైదానం ఒక్కటి చూపించి ఉంటే ఆరోజే పట్టుకునేదాన్ని.

నాలుగు రోజులు ఎవరితోనూ చెప్పలేదు. చెబితే కుళాయి దగ్గర నా పరువు పోతుందన్న భయం కొంత. మావయ్య నిజమే చెప్పాడని అప్పటికీ ఒప్పుకోలేని మొండితనం కొంత. ఐదోరోజు నాన్న దగ్గర నోరు విప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు.

"అయితే ఏటి? ఆకుపచ్చ అని ఊరికే అనీసి ఉండొచ్చు. పది రంగులున్నాయి, ఒకటి తగలదేటి?"

"ముదిరిన వేపాకు రంగన్నాడు నాన్నా. పచ్చరంగు సరిగ్గా లేకపోతే అది గోధుమరంగులాగే కనబడుద్ది కదా."

"కనబడొచ్చు. కనబడకపోవచ్చు." చెప్పులు వేసుకుంటూ, "నువ్వు వెళ్ళి ఆ కుర్రాడితో చెప్పు. నా దగ్గర కాదు చెప్పాల్సింది," అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం మావయ్య పిన్ని వరండాలో ఒక మిల్లు బోర్డు రాస్తున్నాడు. రేకు మీద సుద్దతో గీతలు కొట్టుకుని, ఎర్రరంగుతో అక్షరాలు నింపుతున్నాడు. చేతికి గ్లవుజు లేదు. నేను మెట్టు దగ్గరే నిలబడ్డాను.

"మావయ్యా, ఇన్‌స్టిట్యూట్ టీవీలో పచ్చరంగు రాదట. పాడైపోయిందట."

కుంచె ఆగింది. అతను తల ఎత్తలేదు.

"ఎవరన్నారు?"

"నాన్న. క్రికెట్ చూసినప్పుడు గడ్డి ఇటుకరంగులో ఉందట. అంగీ గోధుమరంగని నేనందరికీ చెప్పీసేను. తప్పు నాదే."

కుంచెని డబ్బా అంచుమీద పెట్టాడు. కోప్పడతాడనుకున్నాను. అతని ముఖంలో కోపం కాదు, బరువు దిగినట్టు ఏదో కనబడింది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"గడ్డి కూడానా?" అన్నాడు.

"ఊఁ."

"అచ్ఛా." గోరుకి అంటిన ఎర్రరంగు గీకాడు. "నువ్వు చూసొచ్చిన తర్వాత వారం నేనూ ఎల్లేను అక్కడికి. ఎనకాల నిలబడి చూసేను. గోధుమరంగే."

"మరి టీవీ పాడైందని ఎందుకు చెప్పలేదు?"

"నాకెలా తెలుస్తాది? నేను దాన్ని టీవీలో రంగుల్తో ఎప్పుడు చూసేను గనక! మా గదిలో ఒక్కో బల్లకి ఒక్కో పని. ముఖాలు ఇంకొకళ్ళు వేసేవారు. ఆకాశం, కొండలూ అసలు మా దగ్గరికే రావు, వేరే దేశంలో వేసేవారు. నా బల్ల మీదకి వచ్చేది ఆ అంగీ ఒక్కటే. రెండేళ్ళు అదే. పగటి సీసా, చీకటి సీసా. చీకటి సీసా వాడమంటే లాంతరు ఆరిపోయినట్టు లెక్క. నాకు తెల్సిన కథ అంతే."

ఇన్నాళ్ళూ నేను పట్టుకున్నాననుకున్న పెద్ద తప్పు, సగం కథే తెలియడం, ఇలా విడిపోయింది.

"గోధుమరంగు చూసేసరికి నాకే అనుమానమొచ్చింది," అన్నాడు అతను. "మేం వేసి పంపిన కాయితాలు వాళ్ళకి నచ్చక మళ్ళీ ఎవరిచేతో వేయించేరేమో. మేం వేసినవి పారీసేరేమో. అందుకే కంపెనీ మూసీసేరేమో. ఇంక అక్కడ్నుంచి నేనేసేనని గట్టిగా ఎలా అనను? బడి పని పోయినందుకు కాదు కోడలు పిల్లా. నేను చేసిన పని నేను చేసేనా లేదా అని నాకే తెలీకుండా అయిపోయింది."

నేను ఏడ్చాను. అతను ఓదార్చలేదు, పొమ్మని కూడా అనలేదు. ఎర్రరంగు ఆరిపోతోందని కుంచె తీసుకుని అక్షరం పూర్తిచేశాడు. తర్వాత నేనే ముక్కు తుడుచుకుని, ఎన్నాళ్ళ నుంచో నలుగుతున్న ప్రశ్న అడిగాను.

"ముసుగు కింద ముఖం ఎలా ఉంటాది మావయ్యా? వాడు మంచోడా, కాదా?"

"ముసుగుకి నంబరుంది. చేతులకి నంబరుంది. చెప్పులకి కూడా ఉంది. ముఖానికి లేదు. ఒకసారి సూపర్‌వైజర్ని అడిగేను. ఇంకా రాలేదు, వచ్చినప్పుడు చెప్తాను అన్నాడు. రానే లేదు."

నేను కుళాయి దగ్గర కూడా చెప్పాను, అదే ఆడవాళ్ళ ముందు. మొదటిసారి విన్నంత శ్రద్ధగా ఎవరూ వినలేదు. టీవీ పాడైతే ఏమిటి, బాగైతే ఏమిటి అన్నట్టు బిందెలు జరుపుకున్నారు. పిన్ని మాత్రం విని, "ఇప్పుడు చెప్పి ఏం లాభమే," అంది. కొన్నాళ్ళు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

బడి వార్షికోత్సవం దగ్గరపడింది. నాటకానికి వెనక తెర కావాలి, కొత్త మాస్టారికి పూలకుండీలు తప్ప ఏవీ రావు. కమిటీలో ఎవరో మావయ్య పేరు ఎత్తారు. అడగడానికి నాన్నే బయల్దేరాడు. నన్ను వెంట రమ్మన్నాడు. ఎందుకో చెప్పలేదు.

మావయ్య కుర్చీ వేశాడు. నాన్న కూచోలేదు.

"తెర కావాలి బాబూ. నదీ, కొండలూ, ఒక కోట. పదిహేను రోజుల్లో అవ్వాలి."

"నా మాట మీద మీకు నమ్మకముందేటి బావగారూ?"

"నమ్మకం సంగతి నాకు తెలీదు. తెర కావాలి," అన్నాడు నాన్న.

మావయ్య నవ్వాడు. మొదటిసారి అతను పళ్ళు కనబడేలా నవ్వడం చూశాను. "అదీ నిజమే," అని ఒప్పుకున్నాడు.

ఆ పదిహేను రోజులూ డ్యూటీ దిగాక నాన్న తిన్నగా బడికి వెళ్ళి బెంచీ మీద కూచునేవాడు. పని చూడడానికి వెళ్ళాడో, కాపలాకి వెళ్ళాడో ఎవరికీ తెలియదు. మొదటి మూడు రోజులు ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదట. నాలుగో రోజు నుంచి నాన్న నిచ్చెన పట్టుకున్నాడు. వారం తిరిగేసరికి రంగుడబ్బాలు కలపడం మొదలుపెట్టాడు. ఇంటికొచ్చి అమ్మతో, "నీలంలో పసుపు ఎంత పడాలో కంటి చూపుతో చెప్పేస్తాడే వాడు," అన్నాడు. తర్వాత వెంటనే, "అలవాటు మీద ఎవడికైనా వస్తాదిలే," అని సర్దుకున్నాడు.

వార్షికోత్సవం రోజు ముందు తెర లేచింది. మా ఊరి అర్పా నది వెడల్పు నాకు తెలుసు. వెనక తెర మీది నది అంతకంటే వెడల్పుగా, దూరంగా పోయి కొండల మధ్య సన్నగిల్లింది. ఒడ్డున చెట్ల నీడలు నీళ్ళలోకి పడుతున్నాయి. ముందు వరసలో ఉన్న ముసలాయన ఒకాయన లేచి నిలబడి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

నాటకం అయ్యాక మైకులో పేర్లు చదివారు. "తెర చిత్రించినవారు, బొంబాయిలో సినిమా బొమ్మలకి రంగులు వేసిన చిత్రకారులు..." అని మావయ్య పేరు చెప్పారు. ఆ చీటీ నాన్న చేతిరాతలో ఉంది. నేను మైకు పక్కనే నిలబడి చూశాను.

ఇంటికి నడుస్తూ అడిగాను. "నాన్నా, బొంబాయిలో పనిచేశాడని నువ్వే రాసేవు కదా. నమ్మీసేవా?"

"వాడక్కడ పనిచేస్తుంటే నేనేమైనా చూసేనా?" అన్నాడు నాన్న. నాలుగడుగులు వేశాక, "ఎక్కడా పనిచెయ్యకుండా మాత్రం అంత నది రాదు," అన్నాడు.

మరుసటి సంవత్సరం బడివాళ్ళు మావయ్యని డ్రాయింగు మాస్టారుగా తీసుకున్నారు. అర్జీ మీద సంతకం పెట్టేముందు నాన్న దాన్ని రెండుసార్లు చదివాడు.